తొమ్మిదేళ్ళు ఆగని పెట్టె

ఎమ్మిగనూరు చేనేత సంఘంలో కంప్యూటరు చూసే చందనకు పెళ్ళిపత్రికలు చాలానే వస్తాయి. ప్రతి పత్రికనూ రెండు చేతులతో అందుకుని, "తప్పకుండా వస్తా" అంటుంది. రాదు. మరీ దగ్గరివాళ్ళ పెళ్ళయితే వచ్చి అక్షింతలు వేసి, విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్ళిపోతుంది. ఆమెకేదో మొక్కుబడి ఉందని కొందరంటారు. మొగుడితో పడక అలా తయారైందని కొందరంటారు. పొగరనేవాళ్ళూ ఉన్నారు, ఊళ్ళో నోళ్ళకేం తక్కువ. వీటిలో ఏదీ నిజం కాదు. అసలు సంగతి సంఘం ఆఫీసు వెనక గదిలో, ఇనుప బల్ల మీద, తొమ్మిదేళ్ళుగా గుర్రుమంటూ కూర్చుని ఉంది.

అదొక నల్ల పెట్టె. సర్వరు అంటారు. సంఘంలోని ఆరువందల నలభై మంది నేతగాళ్ళ వివరాలు, వాళ్ళ మగ్గాల ఫొటోలు, ఎవరు ఏ ఏడు సభ్యులయ్యారన్న చిట్టా, జయన్న అనే పెద్దాయన బతికినన్నాళ్ళూ గీసిన చీర అంచులు, అన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. ముందు గదిలోని నాలుగు కంప్యూటర్లూ ఏం కావాలన్నా దాన్నే అడిగి తెచ్చుకుంటాయి. అంచుల బొమ్మలను చందన అప్పుడప్పుడు పెన్‌డ్రైవులోకి ఎక్కించుకునేది గానీ, సభ్యుల చిట్టా ఉన్న ప్రోగ్రామును కదిలించే ధైర్యం ఆమెకు ఏనాడూ లేదు. కదిలిస్తే ఏమవుతుందో ఆమెకు తెలియదు. తెలియకపోవడమే ఆమె భయమంతా.

రెండువేల పదహారులో ఆదోని నుంచి దావీదు అనే మెకానిక్కు వచ్చి ఆ పెట్టెను బిగించాడు. నెమ్మదైన మనిషి. పని అయ్యాక చేతులు తుడుచుకుంటూ చందనకు ఒకే ఒక్క జాగ్రత్త చెప్పాడు.

"దీన్ని మాత్రం ఆపొద్దమ్మా. ఆపితే మళ్ళా లేసేటప్పుడు పాస్‌వర్డు అడుగుతాది. అది నా కాడ ఉండాది. ఎప్పుడన్నా ఆగితే ఫోన్ సెయ్యి, నేనొచ్చి సూసుకుంటా. ఈసారి వచ్చినప్పుడు కాగితం మీద రాసిస్తాలే."

ఆ ఈసారి రాలేదు. ఐదు నెలలకు మోటారు సైకిల్ మీద పోతూ లారీ తగిలి దావీదు చనిపోయాడు. చందన ఆదోనికి పలకరింపుకు వెళ్ళింది. దారి పొడుగునా ఒకటే అనుకుంది: పాస్‌వర్డు ఎక్కడైనా రాసిపెట్టాడేమో మెల్లగా అడగాలి. తీరా వెళ్తే దావీదు భార్య ఎస్తేరు గ్లాసుడు నీళ్ళు తెచ్చిచ్చి, "ఎమ్మిగనూరు కంప్యూటరమ్మవు నువ్వే గదా. నువ్వు శానా బాగా నేర్చుకుంటాండావని సెప్తాండె మా ఆయన" అంది. ఆ మాట విన్నాక ఇంకేం అడుగుతుంది? నీళ్ళు తాగి, ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చి, బస్సెక్కి వచ్చేసింది. చర్చివాళ్ళు పెట్టే ఆదరణ కూడిక అయ్యాక అడుగుదాంలే అనుకుంది. అప్పటికి ఎస్తేరు ఇల్లు ఖాళీ చేసి పుట్టిల్లు తుగ్గలికి వెళ్ళిపోయింది. దావీదు పుస్తకాలూ కాగితాలూ పాత సామాన్లవాడి బండి ఎక్కిపోయాయి.

ఆ వారంలోనే సంఘం మేనేజరు అయ్యన్న, చేతిలో ఏదో ఫైలు తిప్పుకుంటూ, పోతూ పోతూ అడిగాడు. "ఆ సర్వరుకు పాస్‌వర్డు ఉంటాదంట గదమ్మా. దావీదు నీకు సెప్పినాడా?"

"తెలుసు సార్" అంది చందన.

కొత్త ఉద్యోగం. తెలియదంటే, ఐదు నెలలు ఏం చేశావని అడుగుతాడని భయం. రెండు రోజుల్లో ఎలాగో సంపాదిస్తే ఆ మాట నిజమైపోతుందని ఆశ. అంతే. మనిషన్నాక ఇలాంటి చిన్న అబద్ధాలు వందాడుతాడు, సాయంత్రానికి మరచిపోతాడు. చందన ఖర్మ ఏమంటే, ఆమె అబద్ధానికి కరెంటు కావాలి. కరెంటు ఉన్నంతసేపే అది నిలబడుతుంది.

అలా మొదలైంది ఆమె కాపలా. సంఘానికి ఉన్న ఇన్వర్టరు నాలుగు గంటలు లాగుతుంది. కాబట్టి చందన ఎక్కడికి వెళ్ళినా నాలుగు గంటల్లో తిరిగి రావాలి. వెళ్ళిన నిమిషానికే కరెంటు పోయినా ఇబ్బంది లేకుండా చూసుకోవాలి గదా. ఒక వానాకాలం గాలికి స్తంభాలు కూలి ఎనిమిది గంటలు కరెంటు రాలేదు. చందన ఎదురింటి రమేష్ ఆటోలోంచి బ్యాటరీ పీకించి తెచ్చి తగిలించింది. మూడు రోజుల దాకా రమేష్ ఆమెను చూసినప్పుడల్లా ఆటో హారను మోగించి ఏడిపించాడు. ఆమె నవ్వింది.

దసరాకు ఆయుధపూజ వచ్చిందంటే ఇంకో గండం. సంఘంలో ఆ రోజు రాట్నం దగ్గర నుంచి తూకం కాటా దాకా అన్నింటినీ ఆపి, కడిగి, పసుపు కుంకుమ పెడతారు. పనిముట్టు పూజ వేళ పనిలో ఉండకూడదు. చందన ముందే వెళ్ళి తెర మాత్రం ఆర్పేసేది. "ఆపినావా అమ్మా?" అని అయ్యన్న అడిగితే, "ఆపినా సార్" అనేది. లోపల ఫ్యాను గుర్రుమంటూనే ఉండేది. అయ్యన్నకు కాస్త చెవుడు. ఆ పెట్టెకు బొట్టు పెట్టి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకునేవాడు. కాయ కొట్టిన నీళ్ళు దానిమీద ఎక్కడ పడతాయోనని చందన పమిట కొంగు అడ్డం పట్టుకుని నిలబడేది. ఆమె భక్తికి అందరూ మెచ్చుకునేవారు.

భర్త ఉరుకుందుకు కూడా ఈ సంగతి చెప్పలేదు. అతనిది కైరుప్పల. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. రోజూ బస్సులో తిరిగి తిరిగి విసిగిపోయి, మూడేళ్ళ కిందట ఆదోనిలో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. "రా, ముగ్గురమూ ఆడే ఉందాం. ఈడ నీకొచ్చే ఉద్యోగం ఆడ దొరకదా?" అన్నాడు. ఆమె రాలేనంది. ఎందుకని అడిగాడు. పని ఉందంది. ఉరుకుందు పాప దివ్యను తీసుకుని వెళ్ళిపోయాడు, అక్కడి బడి బాగుంటుందని. అతని తల్లి లింగమ్మ వచ్చి వండిపెడుతోంది. ఉగాది మరునాడు కైరుప్పలలో పిడకల సమరమంటే ఊరికి బంధువులంతా చేరతారు. తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ఇంటి కోడలు అక్కడ కనపడలేదు. "మా కోడలికి మాకంటే ఆ మిషనే ముద్దు" అని లింగమ్మ నలుగురిలో అంటుందని చందనకు తెలుసు. కాదని ఎలా చెప్పుకుంటుంది?

ఆమె ఎమ్మిగనూరులోనే అమ్మ చెన్నమ్మ దగ్గర ఉండిపోయింది. ఆదివారం పొద్దున ఆదోని వెళ్తుంది, పాపకు తల దువ్వుతుంది, రెండు మెతుకులు తిని గడియారం చూస్తుంది. దివ్యకు పదకొండేళ్ళు. అమ్మ గడియారం చూడగానే తనే చెప్పులు తెచ్చి వాకిట్లో పెడుతుంది. ఆ చెప్పుల్లో కాళ్ళు పెట్టేటప్పుడు చందనకు ప్రతి ఆదివారం ఏడుపొస్తుంది.

ఇక ఆ పెట్టె సంగతి. దాని లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ రెండువేల పన్నెండు నాటిది. బిగించేనాటికే పాతది. దాన్ని తయారుచేసిన కంపెనీ మరమ్మతులు పంపడం రెండేళ్ళ కిందటే మానుకుంది. ఇంకా కావాలంటే విడిగా కొనుక్కోవాలి, అదీ వచ్చే ఏడాదితో సరి. ఆ తర్వాత దానికి దిక్కుండదు. ఏ పురుగు దూరినా, ఏ దొంగ చొరబడినా అడిగే నాథుడుండడు. ఇదంతా చందన ఫోనులో చదివింది. చదివిన రోజు అన్నం సయించలేదు. మిగతా లోకమంతా ఇలాంటి పాతవాటిని వదిలించుకుని ముందుకు పోతుంటే, తను ఒక్కతే దాని ఊపిరి ఆగకుండా పట్టుకుని కూర్చుంది.

ఈ ఏడు జిల్లా ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పాత సిస్టమ్‌లతో నడిచే కంప్యూటర్లను ఇక ఆన్‌లైన్ పనులకు రానివ్వబోమని, దీపావళిలోగా మార్చుకోవాలని. సంఘం పెద్దలు కూర్చుని కొత్త సర్వరు తెప్పించారు. పాతదాంట్లో ఉన్నదంతా కొత్తదాంట్లోకి మార్చడానికి కర్నూలు నుంచి కవిత అనే ఇంజినీరు సోమవారం వస్తానంది. ఫోనులో ఆమె అన్న చివరి మాట ఇది: "అక్కా, పాతదాని అడ్మిన్ పాస్‌వర్డు రెడీగా పెట్టుకోండి."

"ఆ" అంది చందన.

ఫోను పెట్టేసింది. కూర్చుని ఆలోచించింది. పెట్టె నడుస్తూ ఉంటే, లోపలికి వెళ్ళే ఉన్నాం కాబట్టి పాస్‌వర్డు అడగకపోవచ్చు. కవిత వచ్చేసరికి అది నడుస్తూ ఉంటే చాలు. సోమవారం దాకా నిలబెడితే గట్టెక్కినట్టే. తొమ్మిదేళ్ళు మోసింది, ఇంకొక్క వారం మోయలేదా?

ఆ సాయంత్రం అమ్మకు సగం సగం చెప్పింది, పాస్‌వర్డు మాట మింగేసి. చెన్నమ్మది పడుగులు అతికే పని. పడుగంటే మగ్గం మీది నిలువు పోగుల వరస; పాత పడుగు అయిపోవస్తుంటే, దాని కొసలు అలాగే ఉంచి, కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును పాత పోగుకు మెలేసి అతకాలి. రెండు మూడు వేల పోగులుంటాయి. వేళ్ళకు బూడిద రాసుకుని, మోకాళ్ళ మీద వంగి, రోజంతా అదే పని. ఊళ్ళో సగం మగ్గాల మీద ఆమె అతుకులున్నాయి.

"పాతది మగ్గం మీద ఉండంగానే కొత్తది అతకాల గదా" అంది చెన్నమ్మ, అదేదో చాలా చిన్న విషయం అయినట్టు. "పాతది కోసి పారేస్తే అచ్చు పళ్ళ సందుల్లో పోగులన్నీ మళ్ళా మొదట్నుంచి ఎక్కియ్యాల. దానికి నాలుగు దినాలు పడతాది. మీ మిషనోళ్ళకు ఈ మాత్రం తెలీదా?"

"అదేమా నేను సెప్పేది. ఆ పొద్దు దాకా పాతది ఆగకూడదు" అంది చందన.

ఇంతలో దివ్యకు గొంతు నొప్పి ముదిరింది. టాన్సిల్సు తీసేయాల్సిందేనని ఆదోనిలో డాక్టరు శనివారం పదకొండున్నరకు ఆపరేషను పెట్టాడు. చిన్నదేలే, భయపడేదేం లేదని అందరూ అన్నారు. ఫోనులో దివ్య మాత్రం ఒకటే అడిగింది.

"మత్తు ఇచ్చే దాకా నా సెయ్యి పట్టుకుంటావామా?"

"పట్టుకుంటా నాయనా."

"మధ్యలో పోవు గదా?"

"పోను."

గురువారం సాయంత్రం కరెంటువాళ్ళ మెసేజు వచ్చింది. శనివారం ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా లైను పనులు, సరఫరా ఉండదు. చందన ఆ మెసేజును మూడుసార్లు చదివింది. మెసేజును ఎన్నిసార్లు చదివినా తేదీ మారదని ఆమెకూ తెలుసు.

శుక్రవారమంతా తిరిగి, పెళ్ళిళ్ళకు షామియానాలు వేసే టెంటుహౌసు నుంచి జనరేటరు మాట్లాడింది. ఆఫీసు వెనక గోడ పక్కన పెట్టించి, తీగ లాగించి, ఒక గంట నడిపి చూసుకుంది. శనివారం చెన్నమ్మను ఆ గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఏ లైటు ఆరితే ఎవరికి ఫోను చేయాలో, ఇన్వర్టరు కూత పెడితే ఏమిటి అర్థమో చెప్పింది. "దేన్నీ ముట్టుకోవద్దుమా" అని పదిసార్లు చెప్పింది. "ఇది మూడేళ్ళ బిడ్డా ఏమి, నన్ను కాపలా పెడతాండావు" అని చెన్నమ్మ నవ్వింది. జనరేటరును ముందే ఆడించి, ఎనిమిది గంటల బస్సెక్కింది చందన.

ఆస్పత్రిలో దివ్య ఆకుపచ్చ గౌను వేసుకుని మంచం అంచున కూర్చుని ఉంది. గౌను పెద్దదై భుజం మీంచి జారుతోంది. అమ్మను చూడగానే పక్కకు జరిగి చోటిచ్చింది. ఉరుకుందు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. లింగమ్మ సంచిలోంచి పక్కగుడ్డలు తీస్తూ, "వచ్చినావామ్మా. ఎన్ని గంటల బస్సుకు పోతావు?" అంది. చందన పాప చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

పదీ నలభైకి ఫోను మోగింది.

"అమ్మీ, ఆ జనరేటరు ఆగిపోయినాది" అంది చెన్నమ్మ. "టెంటోళ్ళకు సేస్తే ఎత్తడం లేదు. పెట్టె ఇంకా నడుస్తాండాది."

ఇన్వర్టరు మీద పడిందన్నమాట. నాలుగు గంటలు ఉంది గదా, ఇంకా టైముంది అని చందన తనకు తనే చెప్పుకుంది. నాలుగు గంటలు లాగింది బ్యాటరీలు కొత్తగా ఉన్నప్పుడని, అవి పాతబడి రెండేళ్ళయిందని ఆమెకు తెలుసు. తెలిసిన సంగతి ఆ నిమిషంలో గుర్తు చేసుకోదలచలేదు.

పదకొండూ ఐదుకు మళ్ళీ ఫోను.

"అమ్మీ, ఆ బ్యాటరీల డబ్బా కూస్తాండాది. సిన్నగా కూస్తాండె, ఇప్పుడు గట్టిగా కూస్తాండాది. నేనేం సెయ్యాల?"

ఫోనులోంచి ఆ కూత గదిలో అందరికీ వినపడింది. చందన లేచి నిలబడింది. ఒక్క గంటలో అక్కడికి చేరితే, రమేష్ ఆటో బ్యాటరీ పెడితే, లేదంటే ఇంకో జనరేటరు పట్టుకొస్తే. ఇవన్నీ తలలో ఒకదాని మీదొకటి పడుతున్నాయి. అప్పటికి అది బతికి ఉండదని లెక్క తెలిసిన ఎవరైనా చెప్పగలరు. ఆమె కాళ్ళకు లెక్క తెలియదు. తొమ్మిదేళ్ళుగా ఆ కూత వింటే పరిగెత్తడమే నేర్చుకున్నాయి.

దివ్య చెయ్యి తనే వదిలింది.

"పోమా. కూస్తాండాది గదా" అంది.

కోపంగా అనలేదు. ఏడవలేదు. చెప్పులు తెచ్చి వాకిట్లో పెట్టే పిల్ల ఎలా అంటుందో అలాగే అంది. ఉరుకుందు కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నాడు. "ఇప్పుడే వస్తా" అని చందన ఎవరితోనో అంది. మెట్లు దిగి, ఆటో ఎక్కి, బస్టాండులో కదులుతున్న ఎమ్మిగనూరు బస్సును ఆపి ఎక్కింది.

బస్సు ఊరు దాటి పత్తి చేల మధ్యకు వచ్చేసరికి మూడోసారి ఫోను మోగింది.

"ఆగిపోయినాదమ్మీ" అంది చెన్నమ్మ. ఈసారి వెనక ఏ చప్పుడూ లేదు. ఫ్యాను గుర్రుమనడం కూడా లేదు. "నేను దేన్నీ ముట్టుకోలేదు. దానంతటదే ఆగినాది. నువ్వు యాడుండావు? పాపను లోపలికి తీసుకపోయినారా?"

చందన కండక్టరును పిలిచి దిగుతానంది. "ఇప్పుడే గదమ్మా ఎక్కితివి" అన్నాడతను. రోడ్డు పక్కన ఎండలో నిలబడింది. అటు పెట్టె దగ్గరా లేదు, ఇటు పాప దగ్గరా లేదు. వెనక్కి వెళ్ళే బస్సు ఇరవై నిమిషాలకు గానీ రాలేదు. ఆ ఇరవై నిమిషాలు ఆమె జీవితంలో అన్నింటికన్నా పొడుగు.

ఆస్పత్రికి చేరేసరికి థియేటరు తలుపులు మూసి ఉన్నాయి. ఉరుకుందు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి కాస్త జరిగాడు. అతను తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

"ఏడ్సినాదా?" అని అడిగింది.

"లేదు. సెయ్యి పట్టుకోనా అంటే వద్దనింది" అన్నాడు.

ఆపరేషను బాగానే జరిగింది. వారం రోజులు మాట్లాడించవద్దని డాక్టరు చెప్పాడు. శని, ఆదివారాలు చందన అక్కడే ఉండిపోయింది. ఆగిపోయిందాని కోసం ఇంకేం పరిగెడుతుంది? తొమ్మిదేళ్ళలో ఆదోనిలో ఆమె నిద్ర చేసింది అప్పుడే. నిద్ర అనాలి గనక అనడమే. పాప పక్కన పడుకుని, సోమవారం అయ్యన్న ముఖం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఉండిపోయింది. ఆరువందల నలభై మంది. వాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో అమ్మ అతికిన పడుగులు. చెన్నమ్మ కూతురు చిట్టా అంతా పోగొట్టిందట అని రేపు వీధి వీధిలో అనుకుంటారు. ఉద్యోగం పోవడం సరే, అమ్మను ఏ ఇంటికి పడుగు అతకడానికి పిలుస్తారు?

సోమవారం పొద్దున తొమ్మిదికి అయ్యన్న ముందు నిలబడి, చేతులు కట్టుకుని, ఒక్క ఊపులో చెప్పేసింది.

"సార్, సర్వరు ఆగిపోయినాది. దాని పాస్‌వర్డు నాకు తెలీదు. ఎప్పుడూ తెలీదు. ఆ పొద్దు తెలుసని అబద్ధం సెప్పినా."

అయ్యన్న సరిగా వినపడలేదేమోనని చెవి ముందుకు పెట్టాడు. ఆమె మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం మొదటిసారికన్నా కష్టమైంది.

"తొమ్మిదేళ్ళమ్మా?" అన్నాడాయన చివరికి. "ఆయుధపూజకు ఆపినా అంటాంటివే."

"ఆపలేదు సార్."

ఆయన ఏదో అనబోయేంతలో కవిత వచ్చింది. భుజాన బ్యాగు, ముఖాన బస్సు దుమ్ము. సంగతంతా నిలబడే వింది. చందన చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. కవిత మంచినీళ్ళు అడిగి తాగి, వెనక గదిలోకి వెళ్ళి, బ్యాగులోంచి చిన్న పెన్‌డ్రైవు తీసి పెట్టెకు గుచ్చి, మీట నొక్కింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పరిగెత్తాయి. చందన గుమ్మం పట్టుకుని నిలబడింది. లోపలికి రావడానికి ధైర్యం లేదు.

టీ వచ్చేలోపల తెర మీద ఎప్పటి నీలం బొమ్మే కనపడింది. సభ్యుల చిట్టా తెరుచుకుంది. జయన్న అంచులు, మగ్గాల ఫొటోలు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"ఏమైంది?" అంది చందన.

"పాస్‌వర్డు కొత్తది పెట్టినానక్కా. పాతది పోయినాది."

"అంతేనా?"

"అంతే. పది నిమిషాల పని ఇది. వారానికి రెండు మూడు ఇట్లాంటివి వస్తాంటాయి." కవిత టీ గ్లాసు అందుకుని, తెలియక, జాలిగానే ఇంకో మాట కూడా అంది. "అసలు మీకు నాతో కూడా పనిలేదక్కా. ఇన్నేళ్ళూ మీరు లోపలే ఉండారు గదా, దాని యజమాని పేరు మీదనే. లోపలుండే వాళ్ళు తాళం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పాతది తెలియాల్సిన పనేలేదు. ఒక్క లైను టైపు కొడితే అయిపోతాండె. ఎవురినన్నా అడిగింటే సెప్పేవాళ్ళు."

అయ్యన్న హాయిగా ఊపిరి వదిలి, చందన భుజం తట్టి వెళ్ళిపోయాడు. ఆయన తల మీది బరువు దిగిపోయింది. చందన మాత్రం ఇనుప బల్ల పక్కనున్న స్టూలు మీద కూలబడింది. సంతోషించాలని తెలుసు. రాలేదు. ఒక్క లైను. ఎవరినైనా అడిగి ఉంటే. ఎస్తేరు ఇంట్లో గొంతులో ఆగిపోయిన ప్రశ్న, అయ్యన్న ముందు జారిపోయిన రెండు మాటలు, వాటి మీద పేర్చుకుంటూ వచ్చిన తొమ్మిదేళ్ళు. పెట్టె ఆమెను కట్టేయలేదు. తనే దాన్ని పట్టుకుని కూర్చుంది. ఆమెకు కోపం వచ్చింది, దావీదు మీద, ఆ పెట్టె మీద, అన్నింటికన్నా ఎక్కువగా తన మీద. కోపం దిగాక మిగిలింది దివ్య వదిలేసిన చెయ్యి.

కవిత కొత్త సర్వరును పాతదాని పక్కనే పెట్టి, రెండింటినీ తీగతో కలిపింది. వారం పాటు రెండూ నడుస్తాయని, ఒక్కొక్క సభ్యుడి వివరం అటూ ఇటూ సరిచూశాకే పాతదాన్ని ఆపుతామని చెప్పింది. మధ్యాహ్నం బువ్వ తెచ్చిన చెన్నమ్మ గుమ్మంలో నిలబడి ఇది విని, "నేను సెప్పలేదా, అతకాల్సిందేనని" అంది.

"ఇది ఎన్నాళ్ళు ఉంటాది?" అని చందన కొత్త పెట్టెను చూపించి అడిగింది.

"దీని సిస్టమ్‌కు పదేళ్ళు గ్యారంటీగా చూస్తారక్కా. ఆ తర్వాత దీనికీ ఇంకోటి అతకాలి." కవిత నవ్వి, కీబోర్డు చందన వైపు జరిపింది. "పాస్‌వర్డు పెట్టండి. అది మీకూ సార్‌కూ ఇంకొకరికీ తెలిసుండాల. రాసి కవర్లో వేసి బీరువాలో పెట్టండి."

చందన కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. కవరు అంటించి, పైన సంతకం చేసి అయ్యన్నకు ఇచ్చింది. తర్వాత పెరట్లోకి వచ్చి ఉరుకుందుకు ఫోను చేసింది. అతనికీ సంగతి మొత్తం చెప్పింది, మొదటి అబద్ధం దగ్గర నుంచి.

"ఇదా?" అన్నాడతను. "ఇన్నాళ్ళూ ఇదేనా?"

"ఇదే."

"నాకన్నా సెప్పింటే."

"సెప్పలేదు" అంది చందన. "పాపకియ్యి ఫోను."

"అది మాట్లాడకూడదు గదా."

"వింటాది గదా. ఇయ్యి."

ఫోను చేతులు మారిన చప్పుడు వినపడింది. తర్వాత పాప ఊపిరి.

"దివ్యా, ఈ పొద్దు సాయంత్రం బస్సుకు వస్తాండా. ఆడనే పడుకుంటా. పొద్దున ఈడికి వచ్చి, సాయంత్రం మళ్ళా ఆడికే వస్తా. దినమూ అంతే. ఇంక సెప్పులు నువ్వు తెచ్చి పెట్టొద్దు."

ఊపిరి ఆగి మళ్ళీ వచ్చింది. పలక మీద బలపం గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఉరుకుందు ఫోను తీసుకున్నాడు.

"పలక మీద రాసి సూపిస్తాండాది."

"ఏం రాసినాది?"

"కరెంటు పోతే, అని రాసినాది."

చందన గోడకు ఆనుకుంది. లోపల గదిలో రెండు పెట్టెలూ కలిసి గుర్రుమంటున్నాయి. ఆ చప్పుడుకు ఆమె కాళ్ళు ఇప్పటికీ బిగుసుకుంటున్నాయి.

"పోతే పోనీ అను" అంది. "పోతే పోతాది, మళ్ళా వస్తాది, నాకేం పనిలేదు అని సెప్పు."

అతను చెప్పడం వినపడింది.

"ఏమంటాండాది?"

"తలకాయ ఊపుతాండాది."

"ఎట్ల ఊపుతాండాది? సరే అనా, నమ్మననా?"

ఉరుకుందు పాప ముఖం వైపు చూస్తూ ఉన్నట్టున్నాడు.

"నువ్వే వచ్చి సూసుకో" అన్నాడు.